పాత కారులో పెట్రోలు హెచ్చరిక లైటు తప్పు చెబుతోందా? ట్యాంకు విప్పే ముందు ఇవి చూడండి

విశాఖలో పాత అంబాసిడర్లూ, పద్మినీలూ నడిపేవాళ్ల నుంచి వానలు వెలిశాక తప్పకుండా వచ్చే ప్రశ్న ఇది: "ట్యాంకు సగం ఉంది. అయినా మీటర్ బోర్డులో ఎర్ర లైటు ఆరట్లేదు. ఫ్లోటు మార్చేయమంటున్నారు, మార్చేయనా?" దీనికి తలకిందుల ప్రశ్న కూడా అంతే తరచుగా వస్తుంది: "లైటు వెలగనే లేదండీ, హనుమంతవాక దగ్గర బండి ఆగిపోయింది."

ఇద్దరికీ ఒకటే జవాబు. ఇప్పుడే ఫ్లోటు (ట్యాంకులో తేలుతూ పెట్రోలు మట్టం చెప్పే భాగం) కొనకండి, ట్యాంకు మీద చెయ్యి వేయకండి. ముందు ట్యాంకు దగ్గర ఒక్క వైరు ఊడదీసి చూడండి. లోపం ట్యాంకు వైపు ఉందో, డాష్‌బోర్డు వైపు ఉందో ఐదు నిమిషాల్లో తేలిపోతుంది. చాలామంది ఈ పరీక్ష వదిలేసి ముందు ఫ్లోటు కొంటారు, తర్వాత మీటరు మారుస్తారు, చివరికి తుప్పు పట్టిన ఒక ఎర్తింగ్ స్క్రూ (కరెంటు బండి బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్లేలా కలిపే స్క్రూ) దగ్గర తేలతారు.

లైటు ఎప్పుడూ వెలుగుతూ ఉంటే చికాకే తప్ప నష్టం లేదు. వెలగాల్సినప్పుడు వెలగకపోతేనే ఇబ్బంది. డీజిలు అంబాసిడర్ ఉన్నవాళ్లకు మరీను. ట్యాంకు ఎండిందంటే లైన్లోకి గాలి దూరుతుంది. ఆ తర్వాత డీజిలు పోసినా స్టార్టు కాదు, రోడ్డు పక్కన కూర్చుని ఎయిర్ తీయాలి. కాబట్టి మీ లైటు వెలగని రకమైతే ఈ పని వాయిదా వేయకండి.

మీ బండిలో ఉన్నది ఏ రకం?

సిద్ధాంతం ఇంతకు మించి అక్కర్లేదు. ట్యాంకులో తేలే ఫ్లోటు, దానికో కడ్డీ, పైన వైర్లు తగిలించే మూత, ఈ మొత్తాన్నీ సెండర్ అంటారు. మన మెకానిక్కులు ట్యాంకు యూనిట్ అనో, ఉత్త ఫ్లోటు అనో పిలుస్తారు. పాత కార్లలో ఎక్కువగా కనిపించేది కాంటాక్టు రకం. పెట్రోలు తగ్గి కడ్డీ బాగా కిందికి దిగినప్పుడు లోపల ఒక రేకు ఇంకో రేకుకు తగులుతుంది. అప్పుడు బల్బుకు ఎర్తింగ్ దొరికి వెలుగుతుంది. అంటే కరెంటు దారి ఇది: కీ, ఫ్యూజు, బల్బు, పొడవాటి వైరు, సెండర్, బాడీ. ఈ వరుస గుర్తుంటే చాలు.

జపాన్ టెక్నాలజీతో వచ్చిన కొన్ని కార్లలో రేకుల బదులు థెర్మిస్టర్ ఉంటుంది. పెట్రోల్లో మునిగి ఉన్నంతసేపు అది చల్లగా ఉండి కరెంటును ఆపుతుంది. పైకి తేలాక వేడెక్కి కరెంటు వదులుతుంది. అందుకే ఆ రకం లైటు వెలగడానికి కొంచెం సమయం తీసుకుంటుంది, అది లోపం కాదు.

అసలు లైటే లేకుండా ముల్లు మాత్రమే ఉన్న బండ్లూ ఉన్నాయి. వాళ్లకూ కింద చెప్పిన వాటిలో ఎక్కువ భాగం పనికొస్తుంది.

కావలసినవి

- మల్టీమీటర్. చవకది చాలు.
- రెండు కొసలకూ క్లిప్పులున్న జంపర్ వైర్లు రెండు. ఒకటి రెండడుగులది. ఇంకోటి డిక్కీ నుంచి బ్యాటరీ దాకా అందేంత పొడుగుది.
- స్క్రూడ్రైవర్లు, చిన్న స్పానర్లు, ఎమరీ పేపర్, ఇత్తడి బ్రష్
- కొత్త బల్బు ఒకటి. పాత బల్బు మీద ఓల్టులు, వాట్లు రాసి ఉంటాయి, అదే తెచ్చుకోండి.
- వైరు లగ్గులు, స్టార్ వాషర్లు, కొంచెం వాజలీన్
- సెండర్ విప్పాల్సి వస్తే కొత్త గ్యాస్కెట్, ఇత్తడి లేదా చెక్క ముక్క, నూలు గుడ్డలు
- డ్రై పౌడర్ ఫైర్ ఎక్స్‌టింగ్విషర్. ఇది ఐచ్ఛికం కాదు.

మొదలుపెట్టే ముందు

పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు. పైకి పోదు, నేల మీద పాకి పల్లంలో పేరుకుంటుంది. కాబట్టి అపార్ట్‌మెంటు సెల్లార్‌లో ఈ పని వద్దే వద్దు. అక్కడ మోటారు స్విచ్ ఎవరు ఎప్పుడు వేస్తారో మీకు తెలియదు. ఆరుబయట, నీడలో, గాలి ఆడే చోట బండి పెట్టండి. పొద్దున్న పూట మంచిది. మధ్యాహ్నం ఎండలో ట్యాంకు మూత తీస్తే ఆవిరి బుస్సుమని తంతుంది.

ఆరో మెట్టు వరకు ట్యాంకు తెరవనక్కర్లేదు, అందుకే ఆ పరీక్షలకు బ్యాటరీ ఉండవచ్చు. సెండర్ విప్పే ఘడియ రాగానే బ్యాటరీ వైరు తీసి పక్కన పెట్టాలి. ఈ గీత దాటకండి.

ఇంకొకటి. మరీ పాత బ్రిటిష్ బండ్లలో కొన్ని పాజిటివ్ ఎర్త్‌వి, అంటే బ్యాటరీ పాజిటివ్ కొస బాడీకి కలిపినవి, ఉంటాయి. బ్యాటరీ నుంచి బాడీకి పోయే లావుపాటి వైరు ఏ టెర్మినల్‌కు ఉందో ఒకసారి చూసుకోండి. ఇక్కడ నేను నెగెటివ్ ఎర్త్ అనుకునే రాస్తున్నాను.

1. లైటు నిజమే చెబుతోందేమో చూడండి

నవ్వకండి. ముల్లు సగం చూపిస్తోంది కాబట్టి లైటుదే తప్పు అనుకుంటారు. ముల్లుదే తప్పు కావచ్చు కదా. బండిని చదునైన చోట నిలిపి ఐదు లీటర్లు పోయించండి. లైటు ఆరిపోతే మీ లైటు బంగారం, చూడాల్సింది మీటరు.

చదును అని ఎందుకన్నానంటే, విశాఖలో సగం వీధులు ఎత్తుపల్లాలే. సింహాచలం కొండ మీదో, కైలాసగిరి రోడ్డులోనో వాలులో నిలిపి చూస్తే పెట్రోలు ట్యాంకులో ఒక మూలకు చేరుతుంది. అక్కడ లైటు వెలిగినా, ఆరినా లెక్కలోకి తీసుకోకూడదు.

2. లక్షణాలు రాసుకోండి

కీ ఆన్ చేసి, ఇంజను స్టార్టు చేయకుండా ఈ నాలుగూ గమనించండి.

లైటు పూర్తిగా వెలుగుతోందా, మసకగానా? మసక అంటే మధ్యలో ఎక్కడో కరెంటు తడబడుతోంది, ఎక్కువసార్లు అది ఎర్తింగే. ఇండికేటర్ వేసినా, బ్రేకు తొక్కినా ఆ తాళానికి లైటు గానీ ముల్లు గానీ ఊగుతోందా? అలాగైతే దాదాపు ఖాయం, వెనక వైపు ఎర్తింగ్ పోయింది, నేరుగా ఐదో మెట్టుకు వెళ్లండి. ముల్లూ లైటూ ఒకే మాట చెబుతున్నాయా? ముల్లు పూర్తిగా పడిపోయి లైటు వెలుగుతుంటే ఫ్లోటు మునిగి ఉండొచ్చు. ముల్లు సరిగ్గా ఉండి లైటు మాత్రం ఆరకపోతే లోపల రేకు అతుక్కుని ఉండొచ్చు, లేదా వైరు బాడీకి తగులుతూ ఉండొచ్చు.

నాలుగోది టెంపరేచర్ ముల్లు. పెట్రోలు ముల్లూ, అదీ రెండూ కలిసి ఎక్కువగానో తక్కువగానో చూపిస్తుంటే గొడవ ట్యాంకులో లేదు. స్మిత్స్ (బ్రిటిష్ మీటర్ల కంపెనీ) తరహా మీటర్లకు డాష్‌బోర్డు వెనక వోల్టేజ్ స్టెబిలైజర్ అని చిన్న డబ్బీ ఉంటుంది. పన్నెండు ఓల్టులను సగటున పదికి దించి మీటర్లకు ఇవ్వడం దాని పని. ఆ డబ్బీకి ఎర్తింగ్ పోయినా రెండు ముళ్లూ పైకెక్కుతాయి.

3. ఫ్యూజు, బల్బు

ఫ్యూజు ఊడదీసి, క్లిప్పులు ఎమరీ పేపర్‌తో రుద్ది, తిరిగి పెట్టండి. కంటికి బాగున్న ఫ్యూజు కూడా చిలుము పట్టిన క్లిప్పుల మధ్య పని చేయదు. బల్బు తీసి మల్టీమీటర్‌తో చూడండి, హోల్డర్ లోపలి రేకును కాస్త పైకి లేపండి.

ఇక్కడ చాలామంది చేసే పని, పాత బల్బు తీసి ఎల్ఈడీ పెట్టడం. వద్దు. కొద్దిపాటి కరెంటు లీకైనా ఎల్ఈడీ మసకగా వెలుగుతూనే ఉంటుంది, లేని లోపాన్ని చూపిస్తుంది. తిరగేసి పెడితే అసలు వెలగదు. థెర్మిస్టర్ రకంలో ఇంకా తంటా. బల్బు గుండా పోయే కరెంటే ఆ థెర్మిస్టర్‌ను వేడెక్కించాలి, ఎల్ఈడీ లాగే కరెంటు దానికి చాలదు. ట్యాంకు ఎండినా లైటు రాదు.

4. వైరు పరీక్ష

డిక్కీలో మ్యాట్ ఎత్తి చూడండి. కొన్ని బండ్లలో చిన్న రేకు మూత కింద సెండర్ తల కనిపిస్తుంది. కొన్నింటిలో బండి కింద నుంచి చేరుకోవాలి. అప్పుడు జాకీ మీద నమ్మకం పెట్టుకుని దూరకండి, స్టాండ్లు వేయండి.

సెండర్ తల మీద రెండు వైర్లు, కొన్నిటికి మూడోది ఎర్తింగ్ వైరు ఉంటాయి. టెర్మినళ్ల దగ్గర ఇంగ్లీషు అక్షరాలు చెక్కి ఉంటే 'టి' అన్నది ముల్లుకు, 'డబ్ల్యూ' అన్నది లైటుకు. చెరిగిపోయి ఉంటే కీ ఆఫ్ చేసి ఒక వైరు తీసి, మళ్లీ కీ ఆన్ చేయండి. ముల్లు కదిలితే అది ముల్లు వైరు. బ్రిటిష్ పద్ధతి వైరింగులో ఆకుపచ్చ మీద నల్ల గీత ముల్లుదని పుస్తకాలు చెబుతాయి. ముప్ఫై నలభై ఏళ్లలో ఎంతమంది ఎలక్ట్రీషియన్ల చేతులు పడ్డాయో ఏ రంగు వైరు దొరికితే అది వేసి ఉంటారు. రంగును నమ్మకండి.

ట్యాంకు మూత బిగించి ఉందని, ఎక్కడా పెట్రోలు చెమ్మ లేదని చూసుకుని మొదలుపెట్టండి. వరుస ముఖ్యం: కీ ఆఫ్ చేసి వైరు తగిలించడమో తీయడమో చేయాలి, తర్వాతే ముందుకు వెళ్లి కీ ఆన్ చేయాలి. ఇలా చేస్తే మెరుపు వచ్చినా కీ దగ్గరే వస్తుంది, ట్యాంకు దగ్గర రాదు.

*లైటు ఆరని బండి:* కీ ఆఫ్. లైటు వైరు సెండర్ నుంచి తీసి, కొసకు ఇన్సులేషన్ టేపు చుట్టి గాల్లో వదలండి. కీ ఆన్.
 - లైటు ఆరిపోయిందా? వైరు, డాష్‌బోర్డు బాగున్నాయి. సెండర్ లోపల రేకు అతుక్కుంది, లేదా ఫ్లోటు మునిగింది. ఏడుకు వెళ్లండి.
 - ఇంకా వెలుగుతోందా? వైరు దారిలో ఎక్కడో బాడీకి తగులుతోంది. ఆరుకు వెళ్లండి. సెండర్ జోలికి పోవద్దు.

*లైటు వెలగని బండి:* కీ ఆఫ్. లైటు వైరు సెండర్ నుంచి తీసి, జంపర్‌తో దాన్ని డిక్కీలో పెయింటు లేని ఒక బోల్టుకు తగిలించండి. కీ ఆన్.
 - లైటు వెలిగిందా? బల్బు, ఫ్యూజు, వైరు అన్నీ భేషుగ్గా ఉన్నాయి. లోపం సెండర్లోనో, దాని ఎర్తింగ్‌లోనో. ఐదు చూడండి.
 - వెలగలేదా? జంపర్‌ను ఇంకో బోల్టుకు మార్చి చూడండి. అప్పుడూ వెలగకపోతే మళ్లీ బల్బు, ఫ్యూజు, ఆ పైన వైరు.

ముల్లుకు కూడా ఇదే పరీక్ష చేయొచ్చు. ఒక తేడా ఉంది. ముల్లు వైరును ఎర్త్‌కు తగిలించి రెండు మూడు సెకన్లకు మించి ఉంచకండి, మీటరు లోపలి తీగ కాలిపోగలదు. కొన్ని మీటర్లు ఎర్త్ చేస్తే నిండుకు పోతాయి, వైరు తీస్తే ఖాళీకి పడతాయి. మరీ పాత రకం స్మిత్స్ మీటర్లు దీనికి పూర్తిగా వ్యతిరేకం. రెండు పరీక్షల్లో రెండు కొసలకూ ముల్లు కదిలిందంటే మీటరు మంచిదే.

5. ఎర్తింగ్, మన ఊరి అసలు రోగం

బీచ్ రోడ్డు, పెదవాల్తేరు, ఎంవీపీ, రుషికొండ వైపు ఉండేవాళ్లు ఈ మెట్టు రెండుసార్లు చదవండి. ఉప్పుగాలి బండి బాడీని తినే ముందు ఈ చిన్న స్క్రూలను తింటుంది. ఇత్తడి టెర్మినల్ మీద పచ్చటి చిలుము, ఇనుప స్క్రూ కింద ఎర్రటి పొడి, ఈ రెంటి మధ్య నుంచి కరెంటు పోవాలి. గాజువాక, మల్కాపురం వైపు ధూళి కూడా తోడవుతుంది.

సెండర్‌కు ఎర్తింగ్ ఎలా అందుతుందో చూడండి. సెండర్ మూత నుంచి స్క్రూల ద్వారా ట్యాంకుకు, ట్యాంకు నుంచి పట్టీల ద్వారా బాడీకి. మూత కింద రబ్బరు గ్యాస్కెట్, పట్టీల కింద రబ్బరో ఫెల్టో. అన్ని చోట్లా రబ్బరే, మధ్యలో స్క్రూలే దిక్కు. బండికి టింకరింగ్, పెయింటింగ్ చేయించిన నెలలోనే లైటు పోయిందని అడిగేవాళ్లకు కారణం ఇదే. ట్యాంకు దించి అందంగా నల్ల పెయింటు కొట్టి, పట్టీలకూ కొట్టి బిగించేస్తారు. ట్యాంకు మెరుస్తుంది, ఎర్తింగ్ మాయమవుతుంది. ఆటోనగర్‌లో అనుభవమున్న ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్తే ముందు అడిగేది, "ఈ మధ్య పెయింటు ఏసినారేటండి?" అనే.

పరీక్ష: మల్టీమీటర్‌ను డీసీ ఓల్టుల మీద పెట్టి, ఒక ప్రోబు సెండర్ మూత లోహానికి, రెండోది పొడుగు జంపర్ ద్వారా బ్యాటరీ నెగెటివ్‌కు. వైర్లన్నీ ఎక్కడివక్కడ తగిలించి, కీ ఆన్ చేసి, వెనక లైట్లు కూడా వేయండి. 0.2 ఓల్టుల లోపు చూపిస్తే ఎర్తింగ్ బాగుంది. అంతకు మించితే లేదు. ఓమ్స్‌లో కొలిచి "సున్నా వచ్చింది కదా" అని సంతోషించకండి. కరెంటు పారుతున్నప్పుడు ఓల్టులు కొలిస్తేనే అసలు రంగు తెలుస్తుంది.

మల్టీమీటర్ లేకపోతే కీ ఆఫ్ చేసి, సెండర్ మూతకూ పెయింటు లేని ఒక బాడీ బోల్టుకూ జంపర్ కలిపి, కీ ఆన్ చేయండి. ముల్లు, లైటు ఒక్కసారిగా దారికొస్తే దొంగ దొరికినట్టే.

బాగు చేయడం: పాత ఎర్తింగ్ వైరును వదిలేసి కొత్తది వేయండి. ఒక కొసకు లగ్గు క్రింప్ చేసి సెండర్ స్క్రూ కింద, ఇంకో కొస డిక్కీలో గట్టి బోల్టు కింద. బోల్టు చుట్టూ రూపాయి బిళ్లంత మేర పెయింటు గీకి, లోహం తెల్లగా కనిపించాక స్టార్ వాషర్ వేసి బిగించండి. బిగించాక పైన వాజలీన్ పూయండి. ముందు పూసి తర్వాత బిగించేవాళ్లు ఉన్నారు, అది పద్ధతి కాదు. సెండర్ స్క్రూ ఒక్కటి విప్పినా ఆవిరి బయటికి రావచ్చు కాబట్టి ఆ ఒక్క పనికీ బ్యాటరీ వైరు తీసేయండి.

సముద్రం దగ్గర ఉండేవాళ్లు ఏటా వానలకు ముందొకసారి ఈ బోల్టును చూసుకోవాలి.

6. వైరు దారి

సెండర్ దగ్గరా మీటరు దగ్గరా రెండు కొసలూ విప్పి, వైరుకూ బాడీకీ మధ్య మల్టీమీటర్ పెట్టండి. బీప్ మోగితే ఎక్కడో తగులుతోంది. వెతకాల్సిన చోట్లు: వెనక సీటు బోల్టుల కింద, డోరు గడప రేకు కింద, డిక్కీలోకి వైర్లు దూరే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ ఊడిన చోట, ఎప్పుడో స్పీకర్లు పెట్టడానికి తొలిచిన చోట. ఎలుకలు కొరికిన ముక్క దొరికినా ఆశ్చర్యపోకండి.

దొరక్కపోతే అరపూట వృథా చేయకుండా పాతదాన్ని రెండు కొసలా కత్తిరించి వదిలేసి, స్లీవ్ తొడిగిన కొత్త వైరు లాగేయండి. మెలిపెట్టిన సన్న తీగల ఆటో వైరు వాడాలి. ఇంటి వైరింగ్‌లో మిగిలిన ఒంటి తీగ అదురుకు తట్టుకోదు, తెగుతుంది.

7. సెండర్ తీయడం

ఇప్పటిదాకా వచ్చిన ఫలితాలన్నీ సెండర్‌నే వేలెత్తి చూపిస్తేనే ఈ పనికి దిగండి. ట్యాంకులో పావు వంతుకు మించి పెట్రోలు ఉండకూడదు.

బ్యాటరీ వైరు తీయండి. ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. ఫోను జేబులోంచి తీసి ఇంట్లో పెట్టండి. వెలుతురు చాలకపోతే పని రేపటికి వాయిదా వేయండి, లాంతరో బల్బో తెచ్చుకోకండి. దోమల కాయిల్ వెలిగించి ఉందేమో పక్కింటి గుమ్మం కూడా ఒకసారి చూడండి.

సెండర్ చుట్టూ ఏళ్ల నాటి మట్టి, ఇసుక ఉంటాయి. అవన్నీ తుడిచాకే స్క్రూలు ముట్టుకోవాలి, లేకపోతే మొత్తం ట్యాంకులో పడుతుంది. సెండర్‌కూ ట్యాంకుకూ కలిపి ఒక గీత గీసుకోండి. స్క్రూల బదులు తిప్పే రింగు ఉంటే ఇత్తడి లేదా చెక్క ముక్క పెట్టి నెమ్మదిగా తట్టండి. ఉలి, ఇనుప పంచ్ నిప్పు రవ్వలు రాలుస్తాయి. తీసేటప్పుడు నేరుగా పైకి లాగకండి, ఫ్లోటు కడ్డీ వంగిపోతుంది. ఏ వైపు వాల్చితే వస్తుందో చూసి మెల్లగా వాల్చుతూ తీయండి. తీసిన వెంటనే రంధ్రాన్ని శుభ్రమైన గుడ్డతో మూసి, సెండర్ పట్టుకుని బండికి దూరంగా వెళ్లండి.

ట్యాంకు నోరు తెరిచి ఉన్నప్పుడు పగటి వెలుతురులో ఒకసారి లోపలికి తొంగి చూడండి. ఎర్రటి తుప్పు, అడుగున నీటి పొర కనిపిస్తే లైటు చిన్న సమస్య, ట్యాంకు కడిగించాలి. హుద్‌హుద్ లాంటి తుపానులో నీళ్లలో నిలబడిన బండి కొన్నవాళ్లకు ఇది కొత్త కాదు. ఇప్పుడు బంకుల్లో వస్తున్న 20 శాతం ఇథనాల్ పెట్రోలు నీటిని లాక్కుంటుంది కాబట్టి, నెలల తరబడి కదలని బండికి ఈ బెడద ఇంకా ఎక్కువ.

8. సెండర్‌ను బల్ల మీద చూడటం

పెట్రోలు పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత మల్టీమీటర్‌ను ఓమ్స్‌లో పెట్టి చూడండి. బండి వైర్లు తగిలించి, లైటు వెలుగుతోందా అని తెరిచిన ట్యాంకు పక్కనే పరీక్షించేవాళ్లుంటారు. ఆ పని ప్రాణాల మీదికి తెస్తుంది.

'డబ్ల్యూ' టెర్మినల్‌కూ మూతకూ మధ్య: కడ్డీ పైన ఉన్నంతసేపు కనెక్షన్ ఉండకూడదు, దాదాపు అడుగుకు వచ్చాకే రావాలి. పైనుంచి కిందిదాకా ఉంటే రేకులు అతుక్కున్నాయి. అడుగున కూడా రాకపోతే రేకుల మీద పసుపు గోధుమ రంగు జిగురు పేరుకుని ఉంటుంది, పాత పెట్రోలు వదిలే బంక అది. కార్బొరేటర్ క్లీనర్ కొట్టి, సన్నటి ఎమరీ పేపర్ ముక్కను రేకుల మధ్య ఒకటి రెండుసార్లు లాగితే చాలు. గట్టిగా రుద్దితే రేకే అరిగిపోతుంది.

'టి' టెర్మినల్‌కూ మూతకూ మధ్య: కడ్డీ కదిపేకొద్దీ అంకె జారుతున్నట్టు మారాలి. మధ్యలో ఎగిరి దూకినా, అంకె రాకుండా పోయినా లోపలి తీగ చుట్ట అక్కడ అరిగింది.

ఇక ఫ్లోటు. చెవి దగ్గర పెట్టుకుని ఊపండి. లోపల గలగలమంటే పెట్రోలు దూరింది. ఇత్తడి ఫ్లోటును వేడి నీళ్లలో ముంచండి, చిల్లు ఉన్న చోట బుడగలు వస్తాయి. చిల్లు దొరికింది కదా అని టంకం పెట్టబోకండి. లోపల పెట్రోలు ఆవిరి ఉన్న ఇత్తడి డబ్బీని వేడి చేయడమంటే బాంబు చేతిలో పట్టుకోవడమే. ఫ్లోటు మార్చండి. కార్కు ఫ్లోటైతే దాని మీద పూసిన లక్క ఇథనాల్‌లో కరిగిపోతుంది, కార్కు పెట్రోలు పీల్చి బరువెక్కుతుంది. దానికి మళ్లీ లక్క పూయడం దండగ. అదే కొలతలో ఇత్తడిది వేసుకోండి.

కొత్త సెండరే కొనాలంటే అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, మార్కెట్లో దొరికేవన్నీ ఒకే రకం కావు. స్క్రూ రంధ్రాలు కలిస్తే సరిపోదు. పాత సెండర్‌కు కడ్డీ అడుగున ఎన్ని ఓమ్స్, పైన ఎన్ని ఓమ్స్ వచ్చాయో కాగితం మీద రాసుకుని, మల్టీమీటర్ జేబులో పెట్టుకుని కొట్టుకు వెళ్లండి. కొన్ని రకాల్లో ఖాళీకి ఎక్కువ ఓమ్స్, కొన్నింటిలో ఖాళీకి తక్కువ. తిరగబడిన రకం కొంటే ట్యాంకు నిండినప్పుడు ముల్లు ఖాళీ చూపిస్తుంది. పాతది పూర్తిగా చచ్చిపోయి కొలత రాకపోతే, నాలుగో మెట్టులో మీటరు ఏ వైపు కదిలిందో అదే ఆధారం: ఎర్త్ చేస్తే నిండుకు పోయే మీటరుకు, నిండినప్పుడు తక్కువ ఓమ్స్ ఇచ్చే సెండర్ కావాలి.

9. తిరిగి బిగించడం

కొత్త గ్యాస్కెట్ వేయండి, పాతది ఎంత బాగున్నట్టు కనిపించినా సరే. లీకు రాకూడదని మామూలు సిలికాన్ పూసేవాళ్లున్నారు. పెట్రోలు తగిలితే అది ఉబ్బి, ముక్కలై ఫిల్టరులోకి చేరుతుంది. పూయాలనే ఉంటే పెట్రోలుకు తట్టుకునేదని డబ్బా మీద రాసి ఉన్నదే వాడండి. స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాలి. బలం చూపించకండి, ట్యాంకు రేకు పలచన, మరలు ఊడితే పెద్ద పని. చాలా సెండర్లకు రంధ్రాలు సమదూరంలో ఉండవు, ఒక్క దిశలోనే కూర్చుంటాయి. మీరు గీసిన గీత ఇప్పుడు అక్కరకు వస్తుంది.

వైర్లు తగిలించి, డిక్కీ తెరిచి ఉంచి, వాసన పూర్తిగా పోయాకే బ్యాటరీ వైరు పెట్టండి.

10. ఫలితం సరిచూసుకోవడం

లైటు వెలిగిందని, ఆరిందని సంబరపడితే పని సగమే అయినట్టు. ఎన్ని లీటర్ల దగ్గర వెలుగుతోందో తెలియాలి. తేలిక దారి ఇది. మామూలుగా బండి నడపండి. చదును రోడ్డు మీద లైటు ఆగకుండా వెలిగిన వెంటనే దగ్గర్లోని బంకుకు వెళ్లి, నాజిల్ దానంతట అది ఆగేదాకా నింపించండి. ట్యాంకు 38 లీటర్లదనుకోండి, 32 పట్టిందంటే మీ లైటు 6 లీటర్ల దగ్గర వెలుగుతోంది. బంకు కొలత మీద అనుమానముంటే అక్కడి 5 లీటర్ల కొలపాత్రలో పోసి చూపించమని అడగండి, ప్రతి బంకులో అది ఉండాల్సిందే.

ఐదారు లీటర్ల దగ్గర వెలిగితే చక్కగా ఉన్నట్టు. మైలేజీ తొమ్మిది వచ్చే బండికి అది నలభై యాభై కిలోమీటర్లు. కానీ అడుగున ఒకటి రెండు లీటర్లు పైపుకు అందవు, ఆ మేరకు తగ్గించుకోండి. పది లీటర్లకే వెలుగుతున్నా, రెండు లీటర్లకు గానీ వెలగకపోయినా కడ్డీని కొద్దిగా వంచాలి. దానికి మళ్లీ ఏడో మెట్టు నుంచి రావాలి. వంచేటప్పుడు కడ్డీ మొదలును కటింగ్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకుని కొసను మాత్రమే వంచండి, లేకపోతే ఆ బలమంతా లోపలి రేకుల మీద పడుతుంది.

నిండు ట్యాంకుతో ఒక రాత్రి వదిలి, పొద్దున్నే డిక్కీ తెరిచి వాసన చూడండి. గ్యాస్కెట్ చుట్టూ టిష్యూ కాగితం అద్ది చూడండి. తర్వాత ఏదైనా ఎత్తు రోడ్డు మీద ఒక చుట్టు తిరిగి రండి. ట్యాంకు నిండినప్పుడు రాని లీకు వాలులో బయటపడుతుంది.

అరకు వెళ్లేవాళ్లకు ఒక మాట. శృంగవరపుకోట (ఎస్.కోట) దాటి అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడు పావు ట్యాంకు ఉన్నా లైటు వెలిగి ఆరుతూ ఉండొచ్చు. ఎక్కుడులో పెట్రోలు వెనక్కి జరుగుతుంది, మలుపుల్లో అటూ ఇటూ ఊగుతుంది, కాంటాక్టు రకానికి ఓపిక ఉండదు. చదునుకు రాగానే ఆరిపోతే బండిలో ఏ లోపమూ లేదు. ఆరకపోతే నిజంగానే అయిపోవస్తోంది. ఈ అనుమానం పెట్టుకుని ఘాట్ ఎక్కే బదులు ఎస్.కోటలోనే పోయించుకోండి.